మూడో బొట్టు

ఐదు నిమిషాలంటే మూడు వందల సెకన్లు, సెకనుకు రెండు మాటల చొప్పున ఆరు వందల మాటలు, అన్ని మాటలు తాను బళ్ళో నెలంతా కలిపినా మాట్లాడి ఉండదు, అనుకుంది రంజిత, రైలు తిరుత్తణి స్టేషను వదులుతుంటే. కిటికీలో కొండ మెల్లగా వెనక్కి జరిగింది, కొండ మీద గోపురం, గోపురానికి ఎక్కే మెట్లు, మెట్ల మీద చీమల్లా జనం. చార్టు చుట్టను మోకాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది, అది ఎక్కడికైనా పారిపోతుందేమో అన్నట్టు. నిజానికి పారిపోవాలని ఉన్నది తనకే. పదిన్నరకు తిరువళ్ళూరులో జిల్లా పోటీ. పదకొండో తరగతి పిల్లలు ఇరవై మంది, ఒక్కొక్కరూ మైకు ముందు నిలబడి సైన్సులో తమకు నచ్చిన ఒక సంగతి చెప్పాలి. బాగా చెప్పిన ఒక్కరిని చెన్నైలో పది రోజుల శిబిరానికి పంపుతారు. లెక్కలే పనిగా పెట్టుకున్న పెద్దవాళ్ళు అక్కడ పిల్లలతో కూర్చుని మాట్లాడతారట, నల్లబల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుందట. ఆ బల్ల కలలోకి కూడా వచ్చింది. కలలో సుద్దముక్క చేతిలో ఉంది, గొంతు మాత్రం లేదు. పోయిన నెల తిరుత్తణి పోటీలో జరిగింది అదే కదా, ‘అందరికీ వణక్కం’ అన్న తరువాత ఆ పక్క మాట రాలేదు. పైన ఫ్యాను టకటకమంటూ తిరుగుతూ ఉంది, దాని రెక్కలు లెక్కపెట్టింది, మూడు, మళ్ళీ లెక్కపెట్టింది, మూడే, అంతలో గంట కొట్టేశారు. జయరామన్ సారు బతిమాలితే జడ్జీలు కాగితమిచ్చి రాయమన్నారు, రాయడానికేం, నాలుగు పేజీలు రాసి పారేసింది, అది చూసి జిల్లాకు పంపారు. ‘ఈసారి కాగితం ఇయ్యరు పాపా, నోరే,’ అన్నారు సారు. నోరే. ఆ మాట వినగానే నోట్లో తడి ఆరిపోయింది. ఇప్పుడూ ఆరిపోయింది.

ఎదుటి సీట్లో అవ్వ తిరుమలమ్మకు ఈ బాధ లేదు. ఆమె నోరు పుట్టినప్పటి నుంచి తడిగానే ఉంది. ఎక్కిన రెండు నిమిషాల్లో పక్కనున్న పూలావిడతో ఊరూ పేరూ కలిపేసింది. ఆవిడ పేరు వళ్ళియమ్మ, రోజూ తిరువళ్ళూరు బజారుకు మల్లెలు మోస్తుంది, రైల్లోనే కట్టుకుంటూ పోతుంది. ఇద్దరి మధ్యా సీటు మీద పాత పంచె పరిచి ఉంది, దాని నిండా మొగ్గలు. అవ్వ అడగకుండానే ఒక నారపోగు తీసుకుని తానూ కట్టడం మొదలుపెట్టింది. నాన్న చెరకు నరికించే పనిలో ఉన్నాడు, అమ్మకు జ్వరం, ‘నేను పోతా, ఆడ గుళ్ళో వీరరాఘవసామిని చూసినట్టూ ఉంటాది,’ అని అవ్వ బయలుదేరింది. ఇటు రెండు మొగ్గలు, అటు రెండు మొగ్గలు, మీదుగా నార, ఒక ముడి. ఇటు రెండు, అటు రెండు. ఒకవైపే కడితే దండ మెలిపడి చుట్టుకుపోతుంది, రెండు వైపులా సమంగా ఉంటే ఇటు లాగేది అటు లాగేదానితో సరిపోయి దండ తిన్నగా నిలబడుతుంది. సూపర్‌సిమెట్రీ అంటే అదేనని డైరీలో రాసుకున్నప్పుడు ఇంద్రాణి అక్క చదివి ఎంత నవ్విందో, నవ్వి, ‘తప్పు లేదు, ఇంతకన్నా బాగా నేను చెప్పలేను,’ అంది. ప్రతి కణానికీ ఒక జత ఉంటుంది అనుకుందాం, అప్పుడు ఒకదాని ఆట ఇంకొకదాని ఆటను కొట్టేస్తుంది, చేతికి దొరకని లెక్క దొరుకుతుంది. నిజంగా జత ఉందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. చూడకపోయినా ఆ లెక్క అందం ఆ లెక్కదే, అంది అక్క. చూడని దాన్ని గురించి ఇంత ప్రేమగా మాట్లాడేవాళ్ళను రంజిత గుడిలో తప్ప ఎక్కడా చూడలేదు.

ఇంద్రాణి అక్క పెదనాన్న కూతురు, చెన్నైలో పరిశోధన చేస్తుంది. మే నెల సెలవులకు వచ్చి పది రోజులుంది, కరెంటు పోయిన ప్రతి సాయంత్రం ఇద్దరూ మిద్దె మీదే. ఆ మిద్దె మీద రెండు తీగెలు, ఒక తీగె మీద అమ్మ చీర, ఇంకో తీగె మీద పెద్దమ్మ చీర, గాలికి రెండూ ఉబ్బుతూ ఉంటే అక్క వాటి మధ్య నిలబడి చేతులు చాచింది. లోకంలో అన్నిటికన్నా చిన్న కణాలు గుండ్లు కావు, సాగే దారాల్లాంటి తంత్రులు అనుకో, అంది. వాటి కొసలు ఊరికే గాలిలో ఉండవు, ఇట్లాంటి చీరలకు అతుక్కుని ఉంటాయి. ఈ చీర నుంచి ఈ చీరకే ఒకటి, ఆ చీర నుంచి ఆ చీరకే ఒకటి, దీన్నించి దానికి ఒకటి, దాన్నించి దీనికి ఒకటి, ఎన్నైనాయి? నాలుగు, అంది రంజిత, మనసులో కాదు, పైకే, అక్క దగ్గర గొంతు ఎందుకో దానంతటదే వస్తుంది. ఇప్పుడు చీరలను దూరంగా జరిపితే మధ్యలో సాగిన తంత్రులు బరువెక్కుతాయి, తమ చీర మీదే ఉన్నవి తేలికగా ఉండిపోతాయి. ఎంత పొడవో అంత బరువు. ఆ మాటకు రంజిత వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది, అక్క చెన్నై పోయే రోజు దగ్గరికొచ్చింది. అంతలో కింది నుంచి అవ్వ కేక, ‘చీరలు ఆరినాయా లేదా చూసి తెండి మే, ఆడ నిలబడి కూత్తులో వేషగాళ్ళ మాదిరి ఆడతాండారా?’ 

రైలు అరక్కోణంలో ఆగింది, సగం బండి దిగి సగం బండి ఎక్కింది, మళ్ళీ కదిలింది. అవ్వ డబ్బా మూత తీసి ఒక వడ వళ్ళియమ్మకిచ్చి, ఒకటి రంజిత చేతిలో పెట్టింది. ‘తినుమే, వట్టి కడుపుతో మాటలు రావు.’ మాటలు కడుపులో ఉంటాయా అవ్వా, అని అడగాలనుకుని అడగలేదు. వడ నడుమ చిల్లు గుండా కిటికీ కనిపించింది, కిటికీలో పుళియమంగళం పొలాలు, ఒక వడ నిండా పచ్చదనం. ఈ చార్టు మీద ఉన్నది కూడా వడలే. చీరల మధ్య ఎంత ఎడముందో దాన్ని ఒక కాగితం మీద ఒక చోటుగా గుర్తు పెట్టొచ్చు, కాగితంలో ఒక్కో చోటు ఒక్కో లోకం అన్నమాట, ఆ ఒక్కో చోటు మీదా కంటికి కనబడని ఒక వడ కూర్చుని ఉంటుంది. చోటు మారితే వడ ఆకారం మారుతుంది, ఒకటి బొద్దుగా, ఒకటి సన్నగా. ఆ వడ చెప్పినట్టే ఆ లోకంలో బరువులుంటాయి. రెండే రెండు చోట్ల మాత్రం వడ ఒక పక్క నొక్కుకుపోయి, దారమంత సన్నమై, తెగిపోతుంది. అక్కడ దాని చుట్టూ తిరిగే తంత్రికి పొడవే లేదు, పొడవు లేదంటే బరువు లేదు, అప్పటిదాకా కొండంత బరువుగా ఉన్న ఒక కణం ఆ చోట దూదిపింజ అయిపోతుంది. ఆ రెండు చోట్లనూ రంజిత చార్టు మీద ఎర్ర స్కెచ్చు పెన్నుతో గుండ్రంగా దిద్దింది, రూపాయి బిళ్ళంత, రెండు గంటలు కూర్చుని. నోరు తెరవలేకపోయినా ఆ రెండు ఎర్ర చుక్కలను వేలితో చూపిస్తే చాలు, జడ్జీలకు అర్థమవుతుంది అని ఒక మూల ఆశ. వడ కరకరలాడింది. మిరియం తగిలింది. తెగిపోయే వడ సంగతి తలుచుకుంటూ వడను నమిలి మింగడం కొంచెం పాపంగా, చాలా బాగా ఉంది.

ఆ రెండూ అక్కడ ఉన్నాయని ఎట్లా కనుక్కున్నారు, ఎవరూ చూడలేదు కదా, అని మిద్దె మీద అడిగినప్పుడు అక్క దూడను చూపించింది. దొడ్లో గడ్డి నడుముదాకా పెరిగి ఉంది, గుంజ కనబడదు, దూడ గుండ్రంగా తిరిగి మొదట నిలబడిన చోటికే వచ్చి నిలబడింది. అదే దూడ, అదే చోటు, అదే అమాయకపు మొహం. కానీ తాడు చూడు, ఒక చుట్టు పొట్టిదైపోయింది. తాడు చుట్టుకుందంటే గడ్డిలో గుంజ ఉందన్నమాట, గుంజను చూడక్కరలేదు. కాగితం మీద కూడా అంతే, చాలా దూరంగా, లెక్క సులువుగా ఉండే చోట, ఒక పెద్ద చుట్టు తిరిగి వచ్చి చూశారు. వడ అదే, దాని మీద గీసుకున్న గీతలు మాత్రం మెలిక పడి ఉన్నాయి. లోపల ఏదో ఉంది. ఒక్కటే అనుకుంటే మెలిక సరిపోలేదు, రెండు అనుకుంటే అచ్చంగా సరిపోయింది. ఇది విన్న రోజు రంజితకు నిద్ర పట్టలేదు, సంతోషానికి. మరునాడు దూడ తాడు విప్పి కట్టి, విప్పి కట్టి, దాన్ని ఏడుసార్లు తిప్పింది, ఎనిమిదోసారి అది తన్నింది. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. మచ్చ తడుముకుంటే వేలికి ఎర్రగా అంటింది, ఇదేమిటి, గాయం ఎప్పుడో మానిపోయిందే, మళ్ళీ నెత్తురా? నెత్తురు కాదు. పొడి. చార్టు చుట్ట కొస నుంచి రాలుతోంది. కుంకుమ.

రబ్బరు బ్యాండు లాగేసి చార్టు విప్పింది. నాలుగు మూలలా పసుపు. సరే, పసుపు పరవాలేదు. తాను పెట్టిన రెండు ఎర్ర చుక్కల మీద అద్దిన కుంకుమ, సరే, ఎరుపు మీద ఎరుపు. పైన, బొమ్మ చుట్టూ గీసిన గీత దాటి, కాగితం అంచున, నడిమధ్యన, రూపాయి బిళ్ళంత, మూడోది.

‘అవ్వా, ఇది నువ్వా పెట్టినావు?’

‘పొద్దున సామి దగ్గర పెట్టి ఎత్తుకొచ్చినా,’ అంది అవ్వ నార కొరుకుతూ. ‘నువ్వు ఏంమే, రెండే బొట్లు పెట్టి విడిచినావు? గడపకైనా, కొత్త బండికైనా, మోటారు పెట్టెకైనా మూడు పెడతారు, లేదంటే అయిదు. రెండు యాడైనా పెడతారా? బొమ్మ చెడిపోకూడదని ఓరంగా పెట్టినా చూడు.’

‘అవి బొట్లు కాదవ్వా!’

‘ఎర్రంగా, గుండ్రంగా ఉంటే మరి ఏమంటారు?’

వళ్ళియమ్మ ముక్కుపుడక మెరిసేలా నవ్వి, అవ్వను చూపించి, ‘పాట్టి చెప్పేది సరియే కదమ్మా,’ అంది. రంజిత చున్నీ కొస తడిపి తుడవబోయింది, ఎరుపు గోరంత పాకింది, తుడిస్తే అరచేతంత అవుతుందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుంది. అయిపోయింది. చూపించడానికి ఉన్న ఒక్క ఆధారం ఈ చార్టు, ఇప్పుడు జడ్జీలు మొదట అడిగేది ఇదే, ‘మూడు చుక్కలేమిటి పాపా, చెప్పు?’ చెప్పు. ఏమని? మా అవ్వ పెట్టింది అనా? మైకులో? ఇరవై బళ్ళ పిల్లల ముందు? మోసూరు స్టేషను వచ్చింది, పోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, వచ్చి, అవ్వ మొహం చూసి ఆగాయి, ఎందుకంటే అవ్వ చార్టును తల వంచి చూసుకుంటోంది, పెళ్ళిపందిట్లో తాను వేసిన ముగ్గును చూసుకున్నట్టు, ఆ మూడో బొట్టు మీద ఎంత మురిపెమో. ఇటు తిప్పి, అటు తిప్పి, ‘ఇప్పుడు చూడు, నిండుగా ఉండాది,’ అంది. మోటారు పెట్టెకు మూడు బొట్లు. నిజమే, చేని మోటారు పెట్టె మీద మూడు ఉంటాయి, నాన్న ఆయుధపూజకు పెట్టినవి, ఏడాదంతా చెరగకుండా ఉంటాయి, కరెంటు మాత్రం ఉండదు. నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వు రావడం ఏమిటో, రెండూ ఒకేసారి వచ్చి ముక్కులో ఇరుక్కుని తుమ్ముగా బయటపడ్డాయి. 

మూడు. ఈ మూడు ఇంకెక్కడో ఉంది. రంజిత సంచిలోంచి డైరీ తీసింది. తెలుగు మాటలు, తమిళ అక్షరాలు, బళ్ళో నేర్చినవి అవే మరి, ఇంట్లో ఇంకెవరికీ ఈ డైరీ అర్థం కాదు, అక్క ఒక్కతే పట్టి పట్టి చదువుతుంది. మే ఇరవై ఒకటి, దూడ తన్నింది. మే ఇరవై రెండు, అక్క ఊరికి పోతుంది రేపు. దాని కింద, చీకట్లో రాసినట్టు వంకరగా, ‘రెండు కాదంట, నిజానికి మూడంట. మూడోది చాలా దూరంలో ఉండాదంట. ఎంత దూరం అంటే అక్క చేతులు చాచి నవ్వింది, నువ్వే కనుక్కో అనింది. మూడోది యాడ?’ యాడ అన్న మాట కింద రెండు గీతలు. మర్చిపోయింది ఇది. అర్థం కాలేదు కాబట్టి మర్చిపోయింది. చాలా దూరం అంటే ఏ దిక్కున? కాగితానికి ఇటు పోతే ఈ అంచు, అటు పోతే ఆ అంచు, అంచులన్నీ దూరమే. తిరువాలంగాడు. నాన్న చెరకు బండి పోయే మిల్లు ఇక్కడే, చక్కెర వాసన లోపలికి వచ్చింది. అన్ని దిక్కులా దూరంగా ఉన్నది ఒక్క చుక్క ఎట్లా అవుతుంది? మణవూరు. ఎవరో దిగారు, ఎవరో పిల్లను ఒళ్ళో కుక్కుకుని కూర్చున్నారు. అవ్వ బొట్టు అంచు మీద ఉంది. కానీ ఒక్క అంచు మీదే ఉంది. మిగతా మూడు అంచులూ ఏం పాపం చేశాయి? 

కడంబత్తూరు రాగానే వళ్ళియమ్మ కట్టిన దండలు చుట్టి, మిగిలిన మొగ్గలు కుప్ప చేసి, లేచి నిలబడింది, ఇంకో పది నిమిషాల్లో దిగాలి కదా. పంచె నాలుగు కొసలూ ఎత్తింది. అంచులు లేచాయి, ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చాయి, కుచ్చిళ్ళు పడ్డాయి, తూర్పు అంచూ పడమటి అంచూ కలిశాయి, అన్నిటినీ ఒక్క పిడికిట్లో పట్టి ఒక మెలి తిప్పి, ముడి. సీటంతా పరుచుకున్న పంచె ఇప్పుడు గుండ్రటి మూట. అంచు ఎక్కడ? అంచు లేదు. అంచంతా ఆ ముడే. అన్ని దిక్కులా ఉన్న దూరమంతా ఒక్క ముడి. రంజితకు తాను లేచి నిలబడినట్టు తెలియలేదు, మూట మీద చెయ్యి వేసినట్టు తెలియలేదు, పూలవాసన ఒక్కసారిగా పైకి లేచింది.

‘అవ్వా, నువ్వు పెట్టింది సరిగానే ఉండాది! ఇదో, ఈ ముడే నీ బొట్టు!’

‘ఏం ముడి?’ అంది అవ్వ బిత్తరపోయి. మనవరాలు ఇంత గట్టిగా అరవడం ఆమె ఎరగదు.

‘మన దూడ ఉండాది కదవ్వా. గడ్డిలో రెండు గుంజలుండాయి అనుకో. దూడ రెండిటినీ చుట్టి పెద్ద చుట్టు తిరిగింది. తాడు మెలిబడింది. ఇప్పుడు ఆ దొడ్డినంతా ఎత్తి ఇట్లా మూట కట్టేస్తివనుకో, దూడ ఇదో, ఇక్కడ, మూట నడుము చుట్టూ తిరగతాంది. కింది నుంచి చూస్తే అది రెండు గుంజల చుట్టూ తిరిగినట్టు. పైనుంచి చూస్తే?’

‘ముడి చుట్టూ,’ అంది వళ్ళియమ్మ.

‘ముడి చుట్టూ! తాడు అదే, మెలిక అదే. అయితే ముడి కాడా ఒక గుంజ ఉన్నట్టే కదా? మూడోది అదేనవ్వా. చాలా దూరంలో ఉండేది, అన్ని పక్కలా ఉండేది. నువ్వు ఓరంగా పెట్టినావే, అదే!’

‘నేను చెప్పలా, రెండు యాడైనా పెడతారా అని,’ అంది అవ్వ, ఏమాత్రం ఆశ్చర్యం లేకుండా. ‘దానికి ఇంత కేక యాల?’ వళ్ళియమ్మకు మాత్రం ఆ రెండు గుంజలు దేనివో తెలియాలి, పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఆవిడకూ తెలియాలి, ఎదురుగా నిలబడ్డ ఫ్యాక్టరీ చొక్కా ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోను తీసేశాడు. రంజిత చెప్పింది. వడలు చెప్పింది, మిగిలిన ఒక్క వడను అవ్వ డబ్బాలోంచి తీసి చూపిస్తూ చెప్పింది, తంత్రులు చెప్పింది, అమ్మ చీర పెద్దమ్మ చీర చెప్పింది, పూలదండ చెప్పింది, మధ్యలో ఎప్పుడు తెలుగు తమిళమైందో మళ్ళీ ఎప్పుడు తెలుగైందో ఎవరూ పట్టించుకోలేదు. ‘బరువు లేకుండా పోయేదా? మా పూల సేటు నాకిచ్చే మూటకు చెప్పమ్మా అది,’ అంది వళ్ళియమ్మ, అందరూ నవ్వారు, రంజితే ముందు. ఏగట్టూరు ఎప్పుడు దాటిందో తెలియలేదు. నాలుక తడిగా ఉంది. ఎంతసేపు మాట్లాడిందో గడియారం చూడలేదు, ఫ్యాను వైపు అసలే చూడలేదు.

తిరువళ్ళూరులో జయరామన్ సారు ప్లాట్‌ఫాం మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాన లేదు, ఎండా లేదు, కంగారు మాత్రం ఉంది. ఆయన ముందు అడిగింది నీళ్ళు తాగినావా అని, తరువాత అడిగింది చార్టు తెచ్చినావా అని. విప్పి చూశారు. పసుపు మూలలు, పాకిన ఎరుపు, పైన మూడోది. ఆయన మొహం మెల్లగా వాడిపోయింది.

‘ఇది... రెండే కదా పాపా? నిన్న రెండే ఉండింది కదా? ఇప్పుడు వాళ్ళు అడిగితే...’ ఆయన గొడుగును చంక మార్చుకుని, అలవాటుగా, చొక్కా జేబులోంచి పెన్నూ కాగితమూ తీశారు, రాసి చూపించమని ఇవ్వడానికి.

రంజిత కాగితం తీసుకోలేదు. వెనక వళ్ళియమ్మ మూట తలకెత్తుకుని, పోవలసిన బజారుకు పోకుండా నిలబడి వింటోంది. అవ్వ కొంగులోంచి కుంకుమ పొట్లం విప్పి, మూడో బొట్టు చెదిరిన చోట ఇంకొంచెం అద్దుతోంది.

‘మీ చేతిగుడ్డ ఇయ్యండి సార్,’ అంది రంజిత, ప్లాట్‌ఫాం ఆ కొస దాకా వినబడేంత గట్టిగా. ‘నాలుగు కొసలూ పట్టుకుని చెప్తా.’